పేరు నుంచి ఫోలియో దాకా: ఫైలు వివరాలను కంప్యూటర్ ఎలా వెతుకుతుంది?

కంప్యూటర్‌లో ఏదైనా ఫైలు మీద మౌస్ పెట్టి ‘ప్రాపర్టీస్’ నొక్కితే దాని సైజు, యజమాని, చివరిసారి మారిన తేదీ కళ్ళ ముందుకు వస్తాయి. ఫైలు తెరవకుండానే దాని గురించి తెలిసే ఈ సమాచారాన్ని మెటాడేటా అంటారు. ఉత్తరం విప్పకుండా కవరు మీద ముద్రలు, తేదీ, బరువు చూసుకోవడం లాంటిది ఇది. రెప్పపాటులో జరిగిపోయే ఈ పని వెనుక పెద్ద వెతుకులాటే ఉంది. ఆ వెతుకులాట ఎలా సాగుతుందో ఇంటిల్లిపాదికీ అర్థమయ్యేలా చెప్పాలని ఈ వ్యాసం రాస్తున్నాను. ఇంజనీరింగ్, డిప్లొమా చదివే పిల్లలకు ఇది పాఠం. తక్కిన వారికి తమ ఫైళ్ళు తాము కాపాడుకోవడానికి పనికొచ్చే సంగతి.

నేను సూరత్‌లో పనిచేస్తున్నాను. మా బ్రాంచి పరిధిలో బమ్రోలి ఉంది. పాండేసరా, ఉధనా పక్కనే ఉన్న ఈ ప్రాంతంలో వీధి వీధికీ మరమగ్గాల చప్పుడు వినిపిస్తుంది. తెలంగాణ నుంచి సాంచాల పనికి వచ్చి సూరత్‌లోనే స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. నగర ప్రాథమిక శిక్షణ సమితి ఇక్కడ తెలుగు మాధ్యమంలో కూడా బడులు నడుపుతోంది. కాబట్టి ఫైళ్ళకు తెలుగులో పేర్లు పెట్టుకునేవారు ఇక్కడ అరుదేమీ కాదు. ఆ తెలుగు పేర్ల వల్లే వచ్చిన ఒక చిక్కు గురించి కూడా చెబుతాను. ముందు అసలు విషయం చూద్దాం.

ఇండెక్స్ రిజిస్టరు, లెడ్జరు

కంప్యూటరీకరణకు ముందు బ్యాంకులో పనిచేసిన పెద్దలను అడగండి. ఖాతాదారు పేరు చెప్పగానే గుమాస్తా నేరుగా లెడ్జరు తీసేవాడు కాదు. ముందు ఇండెక్స్ రిజిస్టరు తీసి పేరుకు ఎదురుగా ఉన్న ఫోలియో నంబరు చూసేవాడు. తర్వాత లెడ్జరులో ఆ పేజీ తిప్పేవాడు. నిల్వ, సంతకం, సూచనలు అన్నీ ఆ పేజీలోనే ఉండేవి.

లినక్స్, యూనిక్స్ వంటి ఆపరేటింగ్ సిస్టమ్‌ల గుండెకాయ వంటి భాగాన్ని కెర్నల్ అంటారు. మన ఆండ్రాయిడ్ ఫోన్లలో ఉన్నది కూడా లినక్స్ కెర్నలే. అది ఫైళ్ళను ఉంచుకునే పద్ధతి సరిగ్గా ఆ పాత బ్యాంకు పద్ధతి లాంటిది. ప్రతి ఫైలుకూ ఒక ఫోలియో ఉంటుంది. దాని పేరు ఐనోడ్. ఫైలు రకం, యజమాని, ఎవరికి ఏ అనుమతి ఉంది, సైజు, తేదీలు, డిస్కులో అసలు సరుకు ఎక్కడుంది అన్నవన్నీ ఐనోడ్‌లో ఉంటాయి. ఫోల్డర్ అంటే ఇండెక్స్ రిజిస్టరు. అందులో ఉండేవి ముఖ్యంగా రెండే: పేరు, దాని ఎదురుగా ఐనోడ్ నంబరు.

ఒక్క తేడా గుర్తుంచుకోవాలి. బ్యాంకు లెడ్జరు పేజీ మీద ఖాతాదారు పేరు కూడా ఉండేది. ఐనోడ్‌లో ఫైలు పేరు ఉండదు! పేరు ఉండేది ఫోల్డర్‌లో మాత్రమే. ఈ చిన్న ఏర్పాటు నుంచి చాలా సంగతులు పుడతాయి. ఒకే ఐనోడ్‌కు రెండు పేర్లు పెట్టవచ్చు. పేరు మార్చినా ఫైలు లోపలి సరుకు కదలదు. ఫైలును తీసేయడమంటే ఇండెక్స్‌లో ఆ పేరు కొట్టేయడమే. అందుకే తీసేయడానికి సాధారణంగా కావలసింది ఫైలులో రాసే అనుమతి కాదు, ఫోల్డర్‌లో రాసే అనుమతి. ఆ ఐనోడ్‌కు ఇంకా ఎన్ని పేర్లు మిగిలాయో కెర్నల్ లెక్క పెట్టుకుంటుంది. ఆ లెక్క సున్నా అయి, ఏ ప్రోగ్రామూ ఆ ఫైలును తెరిచి ఉంచకపోతే అప్పుడు ఆ చోటు ఖాళీ అవుతుంది.

చిరునామా చదివే తీరు

కవరు మీద చిరునామా ఎలా రాస్తాం? పేరు, ప్లాటు నంబరు, సొసైటీ, బమ్రోలి, సూరత్, గుజరాత్. చిన్నదాని నుంచి పెద్దదానికి. కానీ తపాలా వారు సార్టింగ్ చేసేటప్పుడు కింది నుంచి పైకి చదువుతారు. ముందు రాష్ట్రం, తర్వాత ఊరు, తర్వాత పేట, చివరికి ఇల్లు. కంప్యూటర్ ఫైలు చిరునామాను, అంటే ‘పాత్’ను, మొదటి నుంచే ఆ వరసలో రాస్తారు. ఉదాహరణకు:

/హోమ్/బమ్రోలి/స్టాక్/మార్చి

మన తెలుగువారి పేర్లూ ఇదే వరస. ఇంటిపేరు ముందు, సొంత పేరు తర్వాత. ఇక్కడి గుజరాతీ మిత్రులకు సాధారణంగా సొంత పేరు ముందు, ఇంటిపేరు చివర వస్తుంది. పాత్‌ను అర్థం చేసుకోవడంలో మనకు పుట్టుకతోనే కొంత సౌలభ్యం ఉందని మా ఇంట్లో పిల్లలతో సరదాగా అంటుంటాను.

ఇక కెర్నల్ పని చూడండి. ఒక ప్రోగ్రామ్ ‘ఈ ఫైలు వివరాలు ఇవ్వు’ అని అడగడానికి వాడే పిలుపు పేరు స్టాట్. 1971 నాటి మొదటి యూనిక్స్ మాన్యువల్‌లోనే ఈ పిలుపు ఉంది. యాభై ఏళ్ళు దాటినా అదే పేరుతో నడుస్తోంది. పిలుపు అందగానే కెర్నల్ ఇలా నడుస్తుంది.

మొదటి అక్షరం వాలుగీత అయితే అన్నిటికీ మూలమైన రూట్ ఫోల్డర్ నుంచి బయలుదేరుతుంది. లేకపోతే ఆ ప్రోగ్రామ్ ప్రస్తుతం ఉన్న ఫోల్డర్ నుంచి బయలుదేరుతుంది. లినక్స్‌లో విరివిగా వాడే ఎక్స్‌ట్4 పద్ధతిలో రూట్ ఫోల్డర్ ఐనోడ్ నంబరు ఎప్పుడూ 2. అక్కడి ఇండెక్స్‌లో ‘హోమ్’ అన్న పేరు వెతికి దాని నంబరు తీసుకుంటుంది. ఆ నంబరుతో హోమ్ ఐనోడ్ తెస్తుంది. అది ఫోల్డరేనా అని చూస్తుంది. అందులో ‘బమ్రోలి’ని, దానిలో ‘స్టాక్’ను, చివరికి ‘మార్చి’ని వెతుకుతుంది. మార్చి ఐనోడ్ చేతికి రాగానే అందులోని వివరాలను ప్రోగ్రామ్‌కు నకలు చేసి ఇస్తుంది. ఫైలు లోపలికి తొంగి చూడదు. పాత యూనిక్స్‌లో ఈ నడకకు ‘నేమ్‌ఐ’ అని పేరు. పేరు ఇచ్చి ఐనోడ్ తెచ్చుకోవడం అని అర్థం. నేటికీ లినక్స్‌లో ఈ పని చేసే సోర్సు ఫైలుకు అదే పేరు.

ప్రతి గుమ్మం దగ్గరా తనిఖీ

ఈ నడకలో ప్రతి ఫోల్డర్ గుమ్మం దగ్గరా కెర్నల్ ఆగి, ‘అడుగుతున్న మనిషికి ఇందులోంచి దాటే అనుమతి ఉందా?’ అని చూస్తుంది. సొసైటీ గేటు దగ్గర వాచ్‌మన్, మెట్ల దగ్గర తలుపు, చివరికి ఇంటి తాళం ఉంటాయి కదా, అలాగే. మధ్యలో ఏ ఒక్క ఫోల్డర్ ఒప్పుకోకపోయినా ‘అనుమతి లేదు’ అని వెనక్కి పంపుతుంది. అసలు ఆ ఫైలు లోపల ఉందో లేదో కూడా చెప్పదు. సంబంధం లేని మనిషి వచ్చి ఫలానా వారికి మీ దగ్గర ఖాతా ఉందా అని అడిగితే మనం ఉందనీ చెప్పం, లేదనీ చెప్పం. ఇదీ అలాంటి గోప్యతే.

దారి పొడుగునా అనుమతి ఉంటే మాత్రం, చివరి ఫైలును చదివే అనుమతి లేకపోయినా స్టాట్ దాని వివరాలు ఇస్తుంది. ఇంట్లోకి వెళ్ళలేకపోయినా వాకిట్లో నేమ్‌ప్లేటు చదవగలగడం వంటిది. కాబట్టి గోప్యంగా ఉండాల్సిన కాగితాలకు ఒక్కొక్క ఫైలుకు తాళం వేస్తే చాలదు. వాటిని ఉంచిన ఫోల్డర్‌కే తాళం వేయాలి. లేకపోతే లోపలి రాతలు కనిపించకపోయినా వాటి సైజులు, తేదీలు బయటివారికి తెలిసిపోతాయి.

జ్ఞాపకం ఉన్న గుమాస్తా

ప్రతిసారీ డిస్కు దాకా వెళ్ళి ఇండెక్స్ తిప్పుతూ కూర్చుంటే కంప్యూటర్ నత్తనడక నడుస్తుంది. అనుభవం ఉన్న గుమాస్తాకు రోజూ వచ్చే ఖాతాదారుల ఫోలియోలు నోటికి వచ్చేవి. కెర్నల్ కూడా అంతే. ఈ మధ్య వెతికిన పేర్లు, వాటికి దొరికిన ఐనోడ్‌లు మెమరీలో ఉంచుకుంటుంది. ఈ జ్ఞాపకాల గూటిని డెంట్రీ క్యాష్ అంటారు.

ఇందులో ఒక తెలివైన ఏర్పాటు ఉంది. దొరికిన పేర్లనే కాదు, దొరకని పేర్లనూ కెర్నల్ గుర్తుంచుకుంటుంది. ‘ఈ ఫోల్డర్‌లో ఆ పేరు లేదు’ అని ఒకసారి తేలాక మళ్ళీ అదే అడిగితే డిస్కు దాకా వెళ్ళకుండానే ‘లేదు’ అంటుంది. ప్రోగ్రామ్‌లు ఒకే ఫైలు కోసం నాలుగైదు చోట్ల వెతకడం మామూలు కాబట్టి దీనివల్ల చాలా సమయం కలిసివస్తుంది.

2011లో వచ్చిన లినక్స్ 2.6.38లో మరో మెరుగు వచ్చింది. అంతకుముందు దారిలో ఒక్కో మెట్టు దగ్గర రిజిస్టరు తీసుకున్నట్టు గుర్తు పెట్టి, పని అయ్యాక తీసేసేవారు. వందల ప్రోగ్రామ్‌లు ఒకేసారి అడిగితే అక్కడ క్యూ పెరిగిపోయేది. నిక్ పిగ్గిన్ అనే ప్రోగ్రామర్ చేసిన మార్పుతో కెర్నల్ ఏ గుర్తూ పెట్టకుండా చూసుకుంటూ పోతుంది. చూసేముందు, చూసిన తర్వాత ఒక మార్పుల సంఖ్యను పోల్చుకుంటుంది. సంఖ్య మారకపోతే చదివింది సరైనదే. మారితే ఎవరో మధ్యలో రిజిస్టరు దిద్దారని అర్థం. అప్పుడు పాత పద్ధతిలో జాగ్రత్తగా మళ్ళీ నడుస్తుంది.

దారి మళ్ళింపులు

దారిలో రెండు రకాల మలుపులు తగులుతాయి. మొదటిది మౌంట్. పెన్‌డ్రైవ్ పెట్టినప్పుడు దానిలోని ఫైళ్ళన్నీ మన ఫోల్డర్లలో ఒకదాని కింద ప్రత్యక్షమవుతాయి. ఆ గుమ్మం దాటగానే పెత్తనం వేరే ఫైల్ సిస్టమ్‌ది. దాని ఐనోడ్ నంబర్లు వేరే వరస. ప్రతి బ్రాంచిలోనూ 214వ ఫోలియో ఉంటుంది కదా. కాబట్టి నంబరు ఒక్కటే చాలదు, బ్రాంచి కోడ్ కూడా కావాలి. అందుకే స్టాట్ ఐనోడ్ నంబరుతో పాటు డివైస్ నంబరు కూడా చెబుతుంది. ఆ రెండూ కలిస్తేనే ఫైలు గుర్తింపు పూర్తవుతుంది.

రెండోది సిమ్‌లింక్. ‘ఇల్లు మారాము, ఫలానా చిరునామాకు రండి’ అని తలుపుకు అంటించిన చీటీ లాంటిది. కెర్నల్ ఆ చీటీ చదివి అందులోని చిరునామా పట్టుకుని మళ్ళీ నడుస్తుంది. రెండు చీటీలు ఒకదాన్నొకటి చూపిస్తే? తిరుగుతూనే ఉండాలి. అందుకే లినక్స్ ఒక వెతుకులాటలో 40 చీటీల దాకా ఓపిక పట్టి, ఆపైన ‘చాలు’ అని ఆపేస్తుంది. చీటీ గురించే వివరాలు కావాలంటే ఎల్‌స్టాట్ అనే వేరే పిలుపు ఉంది.

బమ్రోలిలో రెండు ‘స్టాక్’ ఫోల్డర్లు

ఇక తెలుగు పేర్ల సంగతి. కెర్నల్‌కు తెలుగు రాదు, ఇంగ్లీషూ రాదు. దానికి పేరు అంటే బైట్ల వరస. ఒక్క బైటు తేడా ఉన్నా వేరే పేరే. ఇప్పుడు అంతటా వాడే యుటిఎఫ్-8 పద్ధతిలో ఇంగ్లీషు అక్షరానికి 1 బైటు పడుతుంది. తెలుగులో ప్రతి అక్షరానికీ, ప్రతి గుణింతపు గుర్తుకూ, ప్రతి పొల్లుకూ విడివిడిగా 3 బైట్లు పడతాయి. ‘బమ్రోలి’ చూడటానికి మూడు అక్షరాలు. లోపల మాత్రం బ, మ, పొల్లు, ర, ఓత్వం, ల, గుడి కలిసి 7 గుర్తులు, 21 బైట్లు. లినక్స్‌లో ఒక పేరుకు మామూలుగా ఉన్న పరిమితి 255 బైట్లు. అంటే తెలుగులో 85 గుర్తులు. 1979 నాటి ఏడో యూనిక్స్‌లో పేరుకు 14 బైట్లే ఉండేవి. ఆ లెక్కన బమ్రోలి అన్న పేరు సగంలో ఆగిపోయేది.

ఒకసారి స్టాక్ తనిఖీకి బమ్రోలిలో ఒక చిన్న సాంచాల కారఖానాకు వెళ్ళాను. క్యాష్ క్రెడిట్ రెన్యూవల్ దగ్గర పడింది. ఆర్నెల్ల స్టాక్ స్టేట్‌మెంట్ల వెనుక ఉన్న నూలు, టాకాల లెక్కలు కావాలి. వాళ్ళ పాత కంప్యూటర్‌లో లినక్స్ వేసుకుని లెక్కలు రాసుకుంటున్నారు. రిపోర్టు తీసే ప్రోగ్రామ్ మాత్రం ఆ నెలల ఫైళ్ళు లేవంటోంది. లెక్కలు చూసే పెద్దాయన తెర చూపించి, “సార్, గీ స్టాక్ ఫోల్డర్ రెండుసార్లు కనవడ్తుంది. ఒకటి ఉత్తగనే వచ్చినట్టుంది, తీసేస్త” అన్నారు.

“ఆగండన్నా, అవి రెండూ ఒకటేనో కాదో ముందు చూద్దాం” అన్నాను.

ఐనోడ్ నంబర్లు చూపే ఆదేశం ఇస్తే రెండు ఫోల్డర్లకూ వేర్వేరు నంబర్లు వచ్చాయి. పేర్లలోని బైట్లు లెక్కపెడితే ఒకదానికి 18, రెండోదానికి 21. మూడు బైట్ల తేడా కంటికి కనిపించని ఒక గుర్తుది. పొల్లు తర్వాత వచ్చే హల్లు వత్తుగా మారకుండా ఆపడానికి తెలుగు కీబోర్డులు ఒక అదృశ్య గుర్తు వాడతాయి. ‘స్టాక్’ వంటి పొల్లుతో ముగిసే మాట చివర కూడా కొన్ని కీబోర్డులు దాన్ని పెట్టేస్తాయి. ఆయన కొడుకు కొత్త కీబోర్డుతో మళ్ళీ ఆ ఫోల్డర్ తయారుచేసి, ఆర్నెల్ల లెక్కలూ అందులో దాచాడు. ప్రోగ్రామ్ పాత బైట్ల పేరుతో వెతుకుతోంది. కెర్నల్ ‘లేదు’ అనడం న్యాయమే. ఆ పేరున్న ఫోల్డర్‌లో ఆ ఫైళ్ళు నిజంగానే లేవు.

ఉత్తగనే వచ్చిందని ఆయన అనుకున్న ఫోల్డరే ఆ ఆర్నెల్ల లెక్కది. దాన్ని తీసేసి ఉంటే డ్రాయింగ్ పవర్ లెక్కకు ఆధారం పోయేది. ఫైళ్ళను కొత్త ఫోల్డర్ నుంచి పాత ఫోల్డర్‌లోకి జరిపారు. నకలు తీయకుండా ఒకే డిస్కులో జరిపారు కాబట్టి మారింది ఇండెక్స్ రాతలే. ఐనోడ్ నంబర్లూ, చివరిసారి మార్పు చేసిన తేదీలూ అలాగే ఉన్నాయి. ఏ నెల లెక్క ఆ నెలలోనే రాశారని చూసుకోవడానికి అవి పనికొచ్చాయి.

ఇలాంటిదే మరొకటి ఉంది. తెలుగు ఐత్వాన్ని యూనికోడ్‌లో ఒకే గుర్తుగా రాయవచ్చు, ఎత్వం గుర్తూ దాని కింది భాగమూ కలిపి రెండు గుర్తులుగానూ రాయవచ్చు. తెర మీద ‘చైత్రం’ ఒకేలా ఉంటుంది. కెర్నల్‌కు రెండు వేర్వేరు పేర్లు. 2019లో వచ్చిన లినక్స్ 5.2 నుంచి ఎక్స్‌ట్4లో ఇలాంటి సమాన రూపాలను ఒకటిగా చూసే సదుపాయం ఉంది. అది మనంతట మనం ఎంచుకుంటేనే పనిచేస్తుంది.

తేదీలను ఎంతవరకు నమ్మాలి?

లినక్స్‌లో స్టాట్ ప్రధానంగా మూడు తేదీలు ఇస్తుంది. చివరిసారి చదివింది, చివరిసారి లోపలి సరుకు మార్చింది, చివరిసారి ఐనోడ్ వివరాలు మారింది. మూడోదాన్ని చాలామంది ఫైలు పుట్టిన తేదీ అనుకుంటారు. కాదు. అనుమతులు మార్చినా, యజమానిని మార్చినా అది మారుతుంది. పుట్టిన తేదీని కూడా అడగడానికి 2017లో లినక్స్ 4.11తో స్టాట్‌ఎక్స్ అనే కొత్త పిలుపు వచ్చింది.

చివరిసారి సరుకు మార్చిన తేదీని ఎవరైనా తమ సొంత ఫైలుకు చిన్న ఆదేశంతో ఏ తేదీగానైనా దిద్దుకోవచ్చు. మామూలుగా నకలు తీస్తే నకలుకు ఆనాటి తేదీ వస్తుంది. కాబట్టి ఎవరైనా ‘చూడండి, ఫైలు తేదీ మార్చి 31’ అంటే అది ఒక ఆనవాలే తప్ప రుజువు కాదు. కారఖానాలో కూడా ఫైలు తేదీలను కొనుగోలు బిల్లులతో సరిచూశాకే సరే అన్నాను.

చూసినదీ తీసుకున్నదీ ఒకటేనా?

చదువుకునే పిల్లలకు ఒక ముఖ్యమైన సంగతి. ఒక ప్రోగ్రామ్ ముందు స్టాట్‌తో ‘ఈ ఫైలు యజమాని ఎవరు?’ అని చూసి, సరే అనుకుని, తర్వాత అదే పేరుతో ఫైలును తెరుస్తుందనుకోండి. ఆ రెండు పనుల మధ్య సందులో ఎవరైనా ఆ పేరును వేరే ఐనోడ్‌కు తిప్పేస్తే, పరిశీలించింది ఒకటి, తెరిచింది మరొకటి అవుతుంది. చెక్కు పరిశీలించి కౌంటరు మీద పెట్టి, అటు తిరిగి వచ్చి అక్కడున్న చెక్కుకు డబ్బివ్వడం లాంటిది. మన క్యాషియర్లు పరిశీలించిన చెక్కును చేతిలోంచి వదలరు. ప్రోగ్రామ్ కూడా అలాగే ముందు ఫైలును తెరిచి, తెరిచిన దాన్నే ఎఫ్‌స్టాట్ అనే పిలుపుతో పరిశీలించాలి. అది పేరు వెతకదు, చేతిలో ఉన్న ఫైలు వివరాలే చెబుతుంది.

ఇంట్లో చేసి చూడండి

లినక్స్ ఉన్న కంప్యూటర్ దొరికితే సెలవు రోజున పిల్లలతో ఈ నాలుగూ చేయించండి. ఆదేశాలు ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో టైప్ చేయాలి.

1. ఏదైనా ఒక ఫైలు మీద ‘స్టాట్’ ఆదేశం ఇచ్చి ఐనోడ్ నంబరు, మూడు తేదీలు కాగితం మీద రాసుకోండి.

2. ‘ఎమ్‌వి’తో అదే ఫోల్డర్‌లో దాని పేరు మార్చి మళ్ళీ చూడండి. ఐనోడ్ నంబరు మారిందా?

3. ‘ఎల్‌ఎన్’తో దానికి రెండో పేరు పెట్టండి. పేర్ల లెక్క 2 అవుతుంది. ఒక పేరు తీసేసి రెండో పేరుతో ఫైలు తెరవండి.

4. ‘సిపి’తో నకలు తీసి నకలు తేదీని అసలు తేదీతో పోల్చండి.

ఒకే పేరు రెండుసార్లు కనిపిస్తే ముందు నంబర్లు చూడండి, తర్వాతే తీసేయండి. ముఖ్యమైన ఫోల్డర్లకు పేరు ఒక్కసారే టైప్ చేసి, తర్వాత అదే పేరును కాపీ చేసి వాడుకోండి. ఇంటి పత్రాలు, పిల్లల సర్టిఫికెట్లు, పెద్దల ఫొటోలు ఉన్న ఫోల్డర్లు తీసేసే ముందు వేరే డిస్కులో ఒక నకలు ఉంచుకోవడం ఎప్పుడూ మంచిది.